తేమ గడి

మా విశ్వవిద్యాలయానికి
చరిత్ర పుస్తకమంటూ వేరే లేదు.
గోగునార గోడౌను స్టాకు రిజిస్టరొకటుంది,
ఎర్ర అట్ట, ఓ మూల చెదలు కొట్టింది.
మొదటి నలభై పేజీలూ నార లెక్కలు.
నలభై ఒకటి నుంచీ పుస్తకాలు.

నెల్లిమర్లలో, చంపావతికి ఇవతలి గట్టున,
మిల్లు లాకౌటయిన ఏడు
పొట్నూరు సన్యాసిశెట్టి
రాని బకాయిల్ని తలుచుకుని ఏడవకుండా
ఖాళీ గోడౌనులో బెంచీలేయించాడు.
మూడో తరగతి దాటని మనిషి.
"ఏటి సెప్పిస్తావు శెట్టీ, ఇందల?" అనడిగితే
"నాకు రానియ్యన్నీ" అన్నాడట.
అదే మా సిలబస్సు.
అంతకన్నా మంచి వాక్యం
ఏ ప్రాస్పెక్టస్‌లోనూ చూళ్ళేదు నేను.

కాలేజీ పేరు మారిననాడు
పెయింటరు రేకు చాలక
'విశ్వ'ని సన్నగా ఇరికించి
'విద్యాలయం' లావుగా రాశాడు.
ఎవరూ దిద్దించలేదు.
మూడొందల మందికి ఆ సైజు విశ్వం సరిపోయింది.

గార శాంతకుమారి గారు
చరిత్ర చెప్పడానికొచ్చి లైబ్రరీని కూడా నెత్తినేసుకున్నారు.
కొత్త రిజిస్టరుకు డబ్బుల్లేవు.
పాతదానిలో గడులు ముందే అచ్చయి ఉన్నాయి:
లాటు, రకం, బరువు, తేమ.
ఆవిడ ఒక్క గడీ కొట్టేయలేదు.
లాటు ఒకటి. వానపాములు. ముప్పావు కిలో. తేమ లేదు.
లాటు రెండు. తత్వాలు, చేతిరాత. పావు కిలో. తేమ ఉంది.
లాటు మూడు. బీజగణితం. కిలోంబావు.
తేమ: చదివేవాళ్ళని బట్టి.

వచ్చిన వరసలోనే బీరువాల్లో సర్దారు.
వానపాముల కోసం లోపలికెళ్ళినవాడు
తత్వాలు పట్టుకుని బయటికొచ్చేవాడు.
నేనూ అలాగే పాడైపోయాను:
కామర్సుకని చేరి,
నక్షత్రాలకీ చేపల వలలకీ మధ్య
మూడేళ్ళు నిలబడిపోయాను.
ఇప్పుడా రిజిస్టరు నా దగ్గరుంది.

తనిఖీ కమిటీ వచ్చింది ఒకసారి.
"వర్గీకరణ ఏదీ?"
అటెండరు తాడ్డి ఎర్రయ్యకి అక్షరం రాదు,
చేత్తో తూచి పుస్తకం చెప్పేవాడు.
"ఏది కావాల బాబూ?" అని
అడిగింది ఇచ్చి, పక్కనున్నదీ ఇచ్చాడు.
ఆ పెద్దాయన భోజనానికి లేవలేదు.
రిపోర్టులో 'తీవ్ర లోపం' అని రాశాడు.
పక్కనున్న పుస్తకం మాత్రం వెనక్కి రాలేదు.
లాటు రెండువేల నూట పదహారు,
ఇంకా బాకీ.

హుద్‌హుద్ రాత్రి రేకులు లేచిపోయాయి.
ఆ ఒక్క తుఫానులో
తేమ గడి మొత్తం నిండిపోయింది.
వరండా పొడుగునా తాళ్ళు కట్టి పుస్తకాలు ఆరేశాం.
గోగు నానేసిన మడుగు వాసన,
అన్నిటికీ ఒకటే, వేదాంతానికీ వృక్షశాస్త్రానికీ.
ఎవరూ పిలవకుండానే
పాత మిల్లు ఆడోళ్ళు ఏడుగురు వచ్చారు.
"ఎండల కాదే గుంటలూ, నీడన.
ఎండకి నార పెళుసైపోద్ది."
ఎమ్మే పిల్లలు వాళ్ళ వెనకే నడిచి నేర్చుకున్నారు
పేజీని ఎప్పుడు తిప్పాలో.

ఈ ఏడు చేరినవాళ్ళు అరవై నలుగురు.
శెట్టి మనవడు మంచివాడే,
కరెంటు బిల్లు నాకే చూపిస్తాడు.
గోడౌనులో సగం కోచింగు సెంటరుకిద్దామంటాడు.
నా దగ్గర జవాబు లేదు.
కాటా ఉంది, దాన్నే తుడుస్తుంటాను.

నిన్న మధ్యాహ్నం
గుమ్మలక్ష్మీపురం పిల్ల, బిడ్డిక సుందరి,
తన పరిశోధన తెచ్చిచ్చింది.
కొండచోళ్ళ రకాలకి వాళ్ళవ్వ పెట్టుకున్న పేర్లు,
నూట ఇరవై పేజీలు.
పంతొమ్మిది వేల నాలుగొందల ఎనిమిదో లాటు.
అరకిలోకి కాస్త తక్కువ.
దాని పక్కన పడబోయేది
మొన్నొచ్చిన ఆదాయపు పన్ను గైడు.
పడనీ, పాపం, ఆ గైడుకీ ఓ తోడు.

ఆఖరి గడి దగ్గర కలం ఆగింది.
పిల్ల అట్టని వేలితో తాకి చూసి,
"ఇంకా ఆరలేదు సార్" అంది.
జిగురు గురించే అంది.
నేనలాగే రాశాను.