రెండు పేజీలకు మించకుండా

నా చేతిరాత బాగుంటుందని
ఆ ఫారం నాకిచ్చారు.
పర్యాటక శాఖవారికి కావాలట:
ఊరి చరిత్ర, సంస్కృతి, ఆర్థిక వనరులు.
రెండు పేజీలకు మించకుండా, శుక్రవారం లోపు.

నాది చీపురుపల్లి. మెట్ట మనిషిని.
బదిలీ మీద కళింగపట్నం వచ్చి నాలుగేళ్ళు.
ఉప్పుగాలికి బీరువా తలుపు బిగుసుకున్నప్పుడల్లా
ఇప్పటికీ ఊరిమీద విసుక్కుంటాను.

అయినా వెళ్ళి కూర్చున్నాను
దీపస్తంభం నీడలో, మైలపల్లి దానయ్య పక్కన.
ఎనభై దాటాయి. వల బాగుచేస్తున్నాడు.
"మీ చిన్నతనంలో ఓడలొచ్చేవటగా?"
"వచ్చీవి. ఒడ్డుకి రావు.
అల్లంత దూరాన లంగరేసుకోని
కొత్తల్లుడిలాగ కూకునేవి.
మనమే ఎల్లాల, బస్తాలు మోసుకోని."

వెళ్ళేది కుట్టు పడవ మీద.
దానికి ఒక్క మేకు ఉండదట.
పలకనీ పలకనీ కొబ్బరితాడుతో కుట్టి
సందుల్లో గడ్డి కూరేవారు.
"మేకు కొడితే తొలి కెరటానికే ఇరిగిపోద్ది పంతులమ్మా.
కుడితే, వంగుద్ది."

చరిత్ర గడిలో ఇది రాశాను.
తర్వాత కొట్టేశాను. సంవత్సరం లేదు కదా.

సంవత్సరాలు ఎవరి దగ్గరున్నాయి?
గిడ్డంగి మొండిగోడ మీది అంకెల్ని
గాలి ఎప్పుడో నాకేసింది.
శాలిహుండం కొండమీది ఇటుకలకి తెలిసినా
అవి భిక్షువుల ఇటుకలు, నోరు విప్పవు.
సూరాడ ఎర్రమ్మ లెక్క వేరు:
పెద్ద గాలోనకి ముందు, పెద్ద గాలోన తర్వాత.
ఏ గాలివాన అంటే,
"మాయమ్మ నన్ను కన్నాది కాదేటి, ఆ గాలోన."

ఎర్రమ్మ ఇంట్లో ఒక నల్లటి లక్క డబ్బా.
మూతమీద ఏనుగో, పడవో, అరిగిపోయింది.
తాత రంగం నుంచి తెచ్చాడు.
రంగమంటే రంగూను.
ఆయనకి అక్కడ ఇంకో సంసారం ఉండేదని
ఇంట్లో అందరికీ తెలుసు, డబ్బాకి కూడా.
ఇప్పుడందులో ఎండుమిరపకాయలు పోస్తుంది.

సంస్కృతి అన్నచోట దీన్ని పెట్టొచ్చా?
గంగమ్మ జాతర రాశాను.
కొత్త ఇంజను తాళంచెవిని
గంగమ్మ దగ్గరొకసారి, దర్గాలో ఒకసారి
ఉంచి తెచ్చుకున్న లోకనాథాన్ని రాశాను.
డబ్బాని రాయలేదు.

ఆర్థిక వనరులకి గీతలు ఎక్కువిచ్చారు.
ఎండుచేప. ఐసు ఫ్యాక్టరీ, కరెంటున్నప్పుడు.
ఆదివారం శ్రీకాకుళం నుంచి వచ్చే మోటారు సైకిళ్ళు,
వాటి కోసం బజ్జీల బండ్లు.
మిగిలినదంతా వేరావల్.
ఆగస్టు దాటితే మా ఏడో తరగతిలో
ఇంట్లో తండ్రి ఉన్న పిల్లలు ఆరుగురు.
హాజరుపట్టీలో ఆ వివరానికి గడి లేదు.
"ఇక్కడ మాత్రం సముద్రం లేదా?"
అని అడిగాను ఒకసారి, తెలివితక్కువగా.
ఎర్రమ్మ కొడుకు కామేసు సంచీ కడుతూ నవ్వాడు.
"సముద్రం ఉందండి. జట్టీ లేదు."

బుధవారం రాత్రి టీవీలో ఊరి పేరు వినబడింది.
కళింగపట్నానికి ఆగ్నేయంగా
మూడువందల యాభై కిలోమీటర్ల దూరంలో వాయుగుండం.
కళింగపట్నం రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక.
ఓడ మొహం చూడని రేవుకి
హెచ్చరికలు మాత్రం తప్పవు,
మూసేసిన కొట్టుకి కరెంటు బిల్లు వచ్చినట్టు.

తెల్లారేసరికి అందరూ పడవల్ని పైకి లాగుతున్నారు.
మగవాళ్ళు చాలరు. ఆడవాళ్ళు, ఏడో తరగతి,
ఎవరో నా చేతిలో కూడా తాడు పెట్టారు.
"ఒగ్గీకండి పంతులమ్మా!"
అరచేతులు మండిపోయాయి. పడవ మూరెడు కదిలింది.
ఇంకో మూరెడు.
దిక్కులేని ఆనందం నాకు.

గాలి ఒడిశా వైపు తిరిగిపోయింది.
శుక్రవారం కూర్చుని మళ్ళీ మొదట్నుంచి రాశాను,
మేకు లేని పడవ, లక్క డబ్బా, ఆరుగురు పిల్లలు.
మూడు పేజీలయ్యాయి.
స్టేప్లరు పిన్నులు తుప్పుపట్టి విరిగిపోతుంటే
దానయ్యే వలదారంతో కుట్టి ఇచ్చాడు.

కార్యదర్శిగారు తిరగేసి చూశారు.
"ఒక పేజీ ఎక్కువైంది మేడమ్, ఊడదీసెయ్యండి."

ఆ ముడి దానయ్యది.
విప్పడం నాకు రాదని చెప్పాను.