పోయినోడు పెట్టిన సంతకం

కండెలు చుడుతున్న.
ఒక చెయ్యి రాట్నం మీద, ఒక చెయ్యి నూలు మీద,
చెవికీ భుజానికీ నడుమ ఫోను.
నలభై మూడు వేల ఎనిమిది వందల పదహారట.
పొద్దుమీకే లోపు కట్టకుంటే
కొత్తవాడ గల్లీల జీపు ఆగుతదట,
నా ఫోన్ల ఉన్న పేర్లన్నిటికి
నా ఫోటో పోతదట, దొంగ అని రాసి.

ఆ పదహారు ఇని ముందుగాల గుండె జారింది.
నిజమైన అప్పే గద ఇట్ల తెగకుండ ఉంటదనుకున్న.
తర్వాత సమజైంది,
అబద్ధం దగ్గర ఎప్పుడూ చిల్లర ఎక్కువుంటది.

అప్పులు నాకు కొత్తగావు సారూ,
పేరు పేరునా ఎరుక.
ఎంజీఎంల ఆయన పండుకున్న పద్దెనిమిది రోజులు
మా ఆడిబిడ్డ కమ్మల మీదున్నయి.
ఆమె బోడి చెవులు చూసినప్పుడల్ల వడ్డి కడుత.
సంఘంల తీసిన ముప్పై వేలకు
పదకొండు కిస్తులు పోయినయి,
పుస్తకంల నా సంతకం పక్కన కోమల సంతకం.
కిరాణం మొండయ్య రాసుకోడు,
ఉప్పు ప్యాకెట్ ఇచ్చేటప్పుడు ఒక్క చూపు చూస్తడు,
గదే రశీదు.
నా అప్పులన్నిటికి మొకాలున్నయి.
నీ దానికి మొకమేది?

ఏ బ్యాంకు అంటే హెడ్డాఫీసు అన్నడు.
ఏ ఊర్ల అంటే అరవకు అన్నడు.
కాయితం పంపు, సంఘంల సదివిపిస్త అంటే
ముందు సగం కొట్టు, కాయితం తర్వాత అన్నడు.
లేత గొంతు. మా పెద్దోని ఈడుంటదేమో.
వాని వెనుక ఇంకా పది గొంతులు,
ఇంకెవరినో, ఇంకెవరినో బెదిరిచ్చుకుంట,
సాంచెల షెడ్డు లెక్క ఒక్కటే మోత.

ఇగ ఆఖరికి తీసిండు:
"తీసుకుంది మీ ఆయనమ్మా. సాంబయ్య.
పోయిన ఆగస్టులో సంతకం పెట్టాడు,
నా కంప్యూటర్లో కనపడుతోంది."

రాట్నం ఆగింది.

పోయిన ఆగస్టుకు
ఆయన పోయి మూడేండ్లు.
ఉన్ననాడు గూడ బొటనవేలే.
జంపఖానా అంచుల నెమలిని దించిన చెయ్యి
పెన్ను పట్టిస్తే వణికేది,
నవ్వి, సిరా గుడ్డకు తుడుసుకునేది.

తిట్టాలె గద. నోరు రాలే.
ఎట్ల రాసిండు సారూ, అని అడిగిన.
సా మీద దీర్ఘం ఇచ్చిండా?
నడుమ సున్న పెట్టిండా, మర్సిండా?
కండ్లద్దాలు ఇంట్లనే ఉన్నయి మరి,
అవి లేకుండనే రాసిండా?

అవుతల సప్పుడు లేదు.
లెక్కలన్ని గడగడ సదివినోడు
నాలుగచ్చరాల కాడ ఆగిపోయిండు.
ఫోను వాడే పెట్టేసిండు.

మూడిండ్ల అవుతల కట్టయ్య
పది రోజుల సంది తలుపు సగమే తీస్తుండు.
ఏమైందే అంటే ఏం లేదన్నడు.
మళ్ళ అడగలే. నాకచ్చిన ఫోను సంగతి చెప్పిన,
చిల్లర పదహారుతోటి సహా.
అప్పుడు గడప మీద కూలవడ్డడు.
నాలుగు దఫాలు కట్టిండట, తియ్యని అప్పు.
ఎందుకు కట్టినవే?
"గల్లీల ఇనవడితే ఎట్ల సెల్లె" అన్నడు.
కుదువ పెట్టింది ఇజ్జతు.
ఇడిపిచ్చుకునే కొద్ది వడ్డి పెరుగుతది దానికి.

ఆయన ఏలితోనే కొట్టిపిచ్చిన,
ఒకటి, తొమ్మిది, మూడు, సున్న.
పైసలు కట్టిన నంబర్లు, తారీఖులు
సంఘం పుస్తకం ఆఖరి పేజీల రాసిపిచ్చిన.
తెల్లారి మిల్స్ కాలనీ ఠాణాకు నలుగురం పోయినం.
పైసలస్తయో రావో. ఎస్సై ఏం మాటియ్యలే.
కని కట్టయ్య తలుపు ఇప్పుడు నిండ తీసుంటది.

మంగళవారం మీటింగుల ఉండంగ మళ్ళ మోగింది.
స్పీకర్ పెట్టి నడుమ చాప మీద పెట్టిన.
పదకొండు మంది ఆడోళ్ళం, ఎవ్వలం మాట్లాడలే.
వాడు ఒక్కడే బెదిరిచ్చి బెదిరిచ్చి
"హలో, హలో" అనుకుంట మిగిలిండు.

రాత్రి మాత్రం నిద్ర పట్టలే.
రూపాయి గూడ కట్ట,
అది అబద్ధమని రాయి మీద గీసినంత ఎరుక.
అయినా ఆ కాయితం ఏడన్న ఉంటే మంచిగుండు.
ఒక్కపారి చూద్దును,
మా సాంబయ్య తన పేరు ఎట్ల రాసుకున్నడో.