పొడిగింపు

పేపరు చదివి చెప్పింది మా పాప.
తొంబై దినాల భృతిని
ఇంకో తొంబై దినాలకు పొడిగించినారంట.

పొడిగింపు.
నాకు కొత్త మాటేం కాదు.
పాకాల దాకా పొయ్యే బండిని చిత్తూరుకు పొడిగిస్తే
మా తలకు రెండు పెట్టెలు ఎక్కువ.
ఎండాకాలం స్పెషల్‌ను పొడిగిస్తే
మధ్యాన్నం సంగటి సాయంత్రం దాకా గిన్నెలోనే.
అయినా బండిని పొడిగించినారంటే
ముందర పట్టాలు ఉండాయని అర్థం.
నా ముందర ఏముండాదో
ఆ పేపరోడు రాయలేదు.

పదకొండేండ్లు
తిరుపతి పిట్ లైన్లో పెట్టెలు కడిగినా.
దేవుడి దగ్గరికి వచ్చే జనం, దేవుణ్ణి చూసి పొయ్యే జనం
సీట్ల కింద ఏం వదిలిపెడతారో నన్నడగండి.
వచ్చేటప్పటి పులిహోర మెతుకులు,
పొయ్యేటప్పటి లడ్డు పొడి,
దాని వెంబడే సికింద్రాబాదు పోయి
టిక్కెట్టు లేకుండా తిరిగొచ్చిన మన తిరుపతి చీమలు.
అద్దానికి ఆనించిన కొత్త గుండు గంధం మరక,
అది నీళ్ళకు పోదు, గోటితో గీకాల.
ఒకసారి పెట్టుడు పళ్ళ సెట్టు కూడా,
కాయితంలో చుట్టి.
మూడు దినాలు ఆఫీసు బల్ల మీద నవ్వతానే ఉండింది,
ఎవురూ రాలేదు.

మార్చి ఆఖరి రాత్రి
కొత్త కాంట్రాక్టరు మిషన్లు దించినాడు.
ముప్పై ఎనిమిది మంది గేటు పాసులు
ఒక ప్లాస్టిక్ బకెట్లో వేయించుకున్నారు,
నేను దినామూ ఫినాయిలు కలిపే బకెట్టే.
మొగిలప్ప మాత్రం బ్రష్షు ఇవ్వలేదు.
"ఇది నా దుడ్డుతో కొన్నది సామీ" అని
చంకలో పెట్టుకొని నడిచినాడు
ఎవురో లాక్కుంటారన్నట్టు.

భృతి అంటే జీతంలో సగం.
ఇంటామెకు చెప్పి చూసినా, బాడుగ సగం కాలేదు.
మస్తాన్‌బీకి ఆ సగం కూడా రాలేదు,
ఆధార్లో బీ ఉండాది, పీఎఫ్‌లో బి ఉండాదని.
ఒక దీర్ఘం లేనందుకు
ఆమె కొర్లగుంటలో కనకాంబరాలు కడతా ఉంది.
కొనేవాళ్ళు మూర మాత్రం
చెయ్యి బాగా చాపి కొలవమంటారు.

పొడిగింపు కాయితం ఇచ్చేదానికి చిత్తూరు పోవాల.
బస్సులో పోయినా. క్యూలో మూడు గంటలు.
"మధ్యలో యాడన్నా పని చేసినావా?"
తలెత్తకుండానే అడిగినాడు గుమస్తా.

నిన్నా మొన్నా
కల్యాణ మండపంలో అండాలు తోమినా.
అది పనేనా?
పనే అయితే ఈ కాయితం చెల్లదు,
కాకపోతే నా నడుం నొప్పి అబద్ధం.
సోడాకు ఒరిసిపోయిన వేళ్ళ సందులు
కొంగు కింద దాచుకున్నా.
"లేదు సార్" అన్నా.
స్టాంపు గుద్దేటప్పుడు ఒక్కసారి
నా కొంగు దిక్కు చూసినాడు.
ఏమీ అనలేదు.
ఇంకోసారి గుద్దినాడు, సిరా సరిగ్గా పడలేదని.

తిరుగు బండిలో కిటికీ పక్కన సీటు దొరికింది.
పెట్టె కదలతా ఉంటే లోపల కూర్చోడం
నాకిదే మొదలు.
పాకాల దాటినాక చెయ్యి దానంతటదే
కమ్మీ మీద దుమ్ము తుడవబోయింది.
ఆపుకున్నా.
ఎదురు సీటు కింద లడ్డు పొడి,
సన్నగా, వరసగా చీమలు.
మిషను మూలలకు పోదు, నాకు తెలుసు.

పక్కనామె అడిగింది, "యాడిదాకా?"
పొడిగించినారు కదా అని నోటి దాకా వచ్చింది.
"తిరుపతి" అన్నా.

చంద్రగిరిలో బండి ఎందుకో నిలబడింది,
చానాసేపు.
కాళ్ళు పైకెత్తి పెట్టుకొని కూర్చున్నా,
చీమలకు దావ ఇచ్చి.