పదకొండో కాలం

సైదాపురం బస్సు దిగి అరమైలు నడిస్తే
మా లైను ఇళ్లు.
దారి దుమ్ము ఇప్పటికీ మెరుస్తుంది.
కాకిబంగారం. ఎవరూ ఏరుకోరు.

యుద్ధం జరిగినన్నాళ్లూ
మా గుట్ట కోసం ఓడలు కాచుకున్నాయంట,
రేడియోల్లో అబ్రకం, విమానాల్లో అబ్రకం.
యుద్ధం ఆగింది. గనిలో నీళ్లూరాయి.
అప్పుడు గుర్తొచ్చింది సర్కారుకి
కూలోళ్లకి పిల్లలుంటారని,
పిల్లలకి తలలుంటాయని,
తలల పైన కప్పుండాలని.

ఓడెక్కే ప్రతి పెట్టె మీదా సెస్సు తీసి
ఒక బడి, ఇరవైనాలుగు ఇళ్లు.
ఎమ్మే రెండో ఏడు నా ప్రాజెక్టు ఇదే.
"శాంపిల్ మరీ చిన్నదమ్మా" అన్నారు గైడు.
చిన్నదే సార్. పదడుగులు ఇంటూ పన్నెండు.

ప్లాను దొరికింది, చెదలు తినగా మిగిలిన మూల.
మేస్త్రీల ఇళ్లు బడి పక్కన,
రేకు చీల్చే వాళ్లవి వాగు అవతల.
ఆ గీత ఎవరు గీశారో సంతకం లేదు.
స్కేలు ఉంది, అంగుళానికి నలభై అడుగులు.
వాగు పొంగిన రోజు ఎన్ని అడుగులో రాయలేదు.

అయినా ఆ బడిలోనే
మా చిన్నతాత అక్షరాలు దిద్ది
గూడూరు రైల్వే గ్యాంగులో మేటీ అయ్యాడు.
ఇది కూడా రాయాలి, కోపంలో మరిచిపోకుండా.

అడ్మిషన్ రిజిస్టరు.
పదకొండో కాలం, బడి మానడానికి కారణం.
మగపిల్లలకి "బదిలీ", "ఫెయిలు", ఒకడికి "జ్వరం".
ఆడపిల్లల ఎదురుగా రెండేసి చుక్కలు,
పైమాటే, పైమాటే అంటూ.
చుక్కలు పట్టుకుని పేజీలు వెనక్కి తిప్పితే
మొదటి మాట దగ్గర మా అవ్వ.
గుండాల చెంగమ్మ, మూడో తరగతి,
"చేతులు చిన్నవి గనుక పనికి."

రాత్రి చదివి వినిపించాను.
"ఆ అయ్యోరు అబద్ధం రాయలా మే" అంది,
చెయ్యి చాపింది.
రేకు మీద రేకు చీల్చీ చీల్చీ
వేళ్ల మీద గీతలు పోయాయి.
బియ్యం మిషను ఆ చేతిని ఒప్పుకోదు,
నెలనెలా నా వేలు పెట్టాలి.

"అది సరే, ఇల్లు ఎవురి పేర ఉండాదో కనుక్కున్నావా?"

కనుక్కున్నాను.
ఎప్పుడో మూతపడిన కంపెనీ పేర.
చెప్పలేదింకా.

కరెంటు పోయింది. సెల్లు లైటు వేస్తే
పెచ్చులూడిన గోడలో ఒక తునక తళుక్కుమంది.
అవ్వ దాన్ని చూడనైనా చూడకుండా
గోటితో
ఒక పొర లేపింది.