ఏడో గడి

రాత్రి పదకొండు. ప్రకాశం బజారులో
చివరి మందుల షాపు షట్టరు దిగిన చప్పుడు.
బల్ల మీద నాలుగు పేజీల ఫారం.
ఎవరో పట్టుకోకముందే
మన తప్పు మనమే చెప్పుకుంటే
శిక్షలో కొంత తగ్గిస్తారట.
వకీలు ఫోన్లో అన్నాడు:
"బేరమే అనుకోండి డాక్టర్ సాబ్."
బేరం నాకు కొత్త కాదు.

మొదటి గడిలో పేరు. రాశాను.
రెండో గడిలో రిజిస్ట్రేషన్ నంబరు. చూడకుండా రాశాను.
మూడు: ఎవరి దగ్గరికి పంపేవారు?
క్లాక్ టవర్ వెనక స్కానింగ్ సెంటరు.
నాలుగు: ఎంత పుచ్చుకున్నారు?

ఇక్కడ కలం ఆగింది.
నెలలో మొదటి శనివారం సైదులు వచ్చేవాడు,
హెల్మెట్ తీయకుండానే నవ్వేవాడు.
తెల్ల కవరు. మీద నా పేరుండదు,
ఒక సున్నా, సున్నాలో చుక్క.
ఏనాడూ విప్పి లెక్కపెట్టలేదు,
అదొక మర్యాద అనుకున్నాను.
లెక్కపెట్టని చెయ్యి
కడుక్కున్న చెయ్యి అనుకున్నాను.

కాంపౌండర్ రాజమల్లు లెక్కపెట్టాడు.
అడగ్గానే పాత క్యాలెండర్ల చుట్ట తెచ్చాడు.
పాలవాడి లెక్క పక్కనే
పెన్సిల్‌తో, ఆరేళ్లు.
"ఎప్పుడన్న అడుగుతరని రాసిపెట్టిన సార్."
నా ముఖం చూడకుండా
చుట్టకున్న రబ్బర్ బ్యాండ్ విప్పాడు.

ఐదు: అవసరం లేని పరీక్షలేమైనా రాశారా?

వట్టిపల్లి అండాలు.
మెట్లెక్కే చప్పుడుతోనే తెలిసిపోయిన రోగం.
ముందు కర్ర, తర్వాత ఒక కాలు,
ఆగి, ఇంకో కాలు.
ఆ బోరునీళ్లు ముప్పై ఏళ్లు తాగిన ఎముక
ఏమవుతుందో
అక్కడి బడిపిల్లలు కూడా చెప్తారు.
నేను ఎమ్మారై రాశాను.
రెండు మోకాళ్లకూ, విడివిడిగా.

వారం తర్వాత ఫిల్ములు చంకలో పెట్టుకొచ్చింది.
"మేకపోతునమ్మిన సారూ,
పటంల ఏం కనవడ్డది?"
వెలుతురుకు ఎత్తిపట్టి
ముందే తెలిసిన మాటను
అప్పుడే తెలిసినట్టు చెప్పాను.
దండం పెట్టి పోయింది.

ఆరు: తిరిగి కట్టదలచిన మొత్తం.
ఏ ఖాతాలో వెయ్యాలో నంబరు అచ్చేసి ఉంది.
అది అండాలుది కాదు.

ఏడు: ఇతర వివరాలు, ఉంటే.
రెండు గీతల జాగా.
గంటసేపు కూర్చుని
'మేకపోతు' అని రాశాను.
కొట్టేశాను.
కొట్టేసినదాని పక్కనే మళ్లీ రాశాను.

రిజిస్టర్ పోస్టు చేసిన నాలుగో రోజు
సైదులు వచ్చాడు, ఈసారి హెల్మెట్ తీసి.
జుట్టు పలచబడింది వాడికి, ఎప్పుడూ చూడలేదు.
"అంతా రాసిర్రట గద సార్. మంచిదే.
మరి నా నౌకరీ?"
వాడి కోసం ఫారంలో గడి లేదు.
చాయ్ తెప్పించాను. తాగకుండా వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం చండూరు నుంచి ఒక పెద్దాయన,
భుజం లేవడం లేదని.
చెయ్యి తనంతట తానే
చీటీల కట్ట మీదికి పోయింది.
వెనక్కి తీసుకుని
ఆయన భుజం మీద పెట్టాను.
ఎక్కడ నొక్కాలో
వేళ్లకు వెంటనే గుర్తు రాలేదు.

"ఇంకొంచెం కిందికి సార్,"
అన్నాడాయన.