పొద్దు పోని వేళ

కోప్లీ ట్రామ్ ఆఖరి స్టాపు దాటాక
మందు మాన్పించే చోటు మాది.
మా గదికి మాత్రం మందుల వాసన ఉండదు.
ఓ పొయ్యి, ఓ కుట్టుమిషను,
తాళం వేసిన సొరుగులో ఏడు కత్తులు.
సాయంత్రం లెక్కపెట్టి సంతకం చేస్తాను.

ఉర్మాస్ వచ్చిన రోజు
గోడ గడియారం కింద కూర్చున్నాడు,
చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకుని.
ఏ వేళ కష్టమని అడిగాను.
"నాలుగింటికి."
డిసెంబరు టాలిన్‌లో మూడున్నరకే పొద్దు పోతుంది.
ఆ తర్వాత ఎంతకీ పొద్దు పోదు.

పదహారేళ్లు ఆ గంటని వోడ్కాయే నింపింది.
సీసా తీసేయడం డాక్టర్లకి తెలుసు.
సీసా ఉన్నచోట బల్ల మీద మిగిలిన గుండ్రటి మరక,
దాని మీద ఏం పెట్టాలన్నది నా ఉద్యోగం.

బంగాళాదుంప పెట్టాను.
ఆరో నంబరు కత్తి చేతికిచ్చాను.
అతను కత్తిని చూళ్లేదు, నన్ను చూశాడు.
"మా ఆవిడ దాచేసేది."
చెయ్యి వణికి, తొక్కతో సగం దుంప పోయింది.
ఓడలకి వెల్డింగ్ చేసిన ఆ వేళ్లు
గోళీకాయలంత మిగిలిన వాటిని
ఒక్కొక్కటే గిన్నెలో వదిలాయి,
చప్పుడు కాకుండా.

దుకాణానికి దారి ఇద్దరం కాగితం మీద గీశాం.
బారున్న వీధి తప్పిస్తే పదకొండు నిమిషాలు ఎక్కువ.
"ఆ పదకొండూ ఏం చేసుకోను?"
వేళాకోళం కాదు. నా దగ్గర జవాబు లేదు.
పై వారం తనే చెప్పాడు:
ఆ దారిలో మూడుకాళ్ల కుక్కొకటి ఉందట.
ఎదురుచూస్తుందట.

ఫిబ్రవరిలో నాలుగు రోజులు రాలేదు.
వచ్చాక నేనేమీ అడగలేదు, ఏప్రాన్ అందించాను.
చేతులు మళ్లీ మొదటిరోజు చేతులే.
కిటికీలో అతను మరిచిన ఉల్లిపాయ
ఎవరూ నీళ్లు పోయకుండానే జానెడు మొలిచింది.
దాని గురించి ఏదో చెప్పబోయాను.
అతనికి ఆకలేసింది,
కోసి మొలకతో సహా సూప్‌లో వేశాడు.

మార్చి. ఇంటికెళ్లిన పన్నెండో రోజు.
నాలుగు దాటి అయిదు నిమిషాలకి ఫోను.
నా గుండె జారింది.
"ఉప్పెక్కువైంది," విసుక్కుంటున్నాడు, "ఏం చెయ్యను?"
ఇంకో దుంప వెయ్యమన్నాను.
"తొక్క తియ్యాలా?"
నీ ఇష్టం.

ఫోను పెట్టెయ్యడం మరిచి పక్కన పెట్టాడు.
బల్ల మీద కత్తి చప్పుడు,
తర్వాత మూత చప్పుడు, తర్వాత ఉడుకు.
వింటూనే ఉన్నాను.
ఎప్పుడో తలెత్తి గడియారం చూసింది నేనే.
అయిదుకి పది.