పళ్ళతో వినడం

శివారుకి నీళ్ళు రావు.
వంతు వచ్చిన రోజు కూడా
మా తూము దగ్గరికొచ్చేసరికి కాలవకి ఆయాసం.
అందుకే మురుగుకోడు గట్టున
పాతికేళ్ళ కిందట మా బావ దగ్గర కొన్న
అయిదు గుర్రాల ఇంజను.

దాళ్వా చేను పొట్టమీదుంది.
కోడులో నీళ్ళు నాలిక మీద వేసుకు చూశాను, ఉప్పు లేదు.
పాటు ఉండగానే తోడాలి,
పోటు తిరిగిందా, సముద్రం నా చేలోకొస్తుంది.
ఇంజను మాత్రం తెల్లపొగ రెండు బుక్కలు వదిలి
దగ్గి, ఊరుకుంది.

కాట్రేనికోన మెకానిక్కు ఫోనెత్తడు.
ఎత్తితే "రేపండీ" అంటాడు,
ఆ రేపటికి తారీకుండదు.
నా దగ్గరున్నవి రెండు పానాలు,
ఒక స్క్రూడ్రైవరు, మొండి సుత్తి,
దేవదానం.

ఇరవైరెండేళ్ళు లాంచీ నడిపాడు వాడు.
పెళ్ళివారినీ కొబ్బరి గెలల్నీ
పురిటినొప్పుల్నీ అవతలి ఒడ్డుకి దాటించాడు.
వంతెన లేచాక లాంచీ ఒడ్డెక్కింది.
ఆర్నెల్ల జీతం ఇప్పటికీ రాలేదు.
చెవులు రెండూ ఇంజను గదిలోనే ఉండిపోయాయి.

"నువ్విప్పు, నే చూత్తా" అన్నాడు
గట్టుమీద గోనె పరుచుకుని.
ఎడమకి తిప్పాల్సింది కుడికి తిప్పితే
మట్టిబెడ్డ విసిరాడు.
నేనెంత అరిచినా వాడికి వినపడదు,
వాడి తిట్లన్నీ నాకు వినపడతాయి.
మా స్నేహంలో లెక్కెప్పుడూ అంతే.

డీజిలు గొట్టానికి గాలి పట్టిందట.
నట్టు అరచుట్టు వదులు చేసి నొక్కుతుంటే
ముందు నురగ, తర్వాత బుడగలు,
తర్వాత ఒక్కో బుడగ,
ఎంతకీ ఆగదు. ఎక్కడో పీలుస్తోంది.

వేలు పెట్టి చూపించాడు, రాగి వాషరు.
నలిగి నలిగి గట్టిపడింది, అంచు పట్టడం లేదు.
కొత్తది కావాలంటే అమలాపురం పోవాలి.
"మీ ఆవిడ పొయ్యి ముట్టించిందా?" అన్నాడు.

కొర్రమేను పులుసు దింపించి
అదే మంటలో పట్టకారుతో పెట్టాం.
ఎర్రబడ్డాక చెంబులో వేస్తే చుయ్‌మంది.
"ఇనప ముక్కయితే గట్టిపడతాది,
రాగి మెత్తబడతాది.
మా లాంచీ ఓనరు ఇనుమే" అన్నాడు.
వరహాలమ్మ ఆ చెంబు విడిగా పెట్టి
పులుసు మళ్ళీ ఎక్కించింది, ఏమీ అనలేదు.

హ్యాండిలు గిరగిర నాలుగు చుట్లు, లివరు పడేశాను,
అందుకుంది!
కానీ టక్కు, టక్కు,
లోపలెవరో వేలిముడితో తలుపు కొడుతున్నట్టు.
నాకు వినపడుతోంది సరే,
వాడికెలా చెప్పను?

చెప్పక్కర్లేకపోయింది.
స్క్రూడ్రైవరు మొన హెడ్డుమీద ఆనించి
చెక్కపిడి పళ్ళ మధ్య కరుచుకుని
కళ్ళు మూశాడు.
దవడ మీదుగా పుర్రెలోకి
ఇంజను నడిచి వెళ్ళడం చూశాను.
ఒక్క కనుబొమ్మే, దెబ్బ దెబ్బకీ ఎగురుతూ.

"ట్యాపెట్టు" అన్నాడు పిడి వదలకుండానే.

ఆపి, చల్లారనిచ్చి,
గడ్డం బ్లేడ్లు రెండు జతచేసి సందులో దూర్చాను.
"పట్టీపట్టనట్టు జారాలి.
నిద్దరోయే పిల్ల తల కింద నించి
చెయ్యి లాక్కున్నట్టు."
మూడుసార్లు కాదన్నాడు.
నాలుగోసారి ఏమీ అనలేదు.

పొద్దు వాలే వేళకి గొట్టం గొంతు సవరించుకుని
బురద కక్కింది, ఒక చచ్చిన పీత,
ఆ తర్వాత నీళ్ళు.
గొట్టం మీద అరచెయ్యి పెట్టి
చాలాసేపు కూర్చున్నాడు దేవదానం.
వాడు చూడకుండా నేనూ స్క్రూడ్రైవరు కరిచి చూశాను.
పళ్ళు జిల్లుమన్నాయి, డీజిలు చేదు,
అంతే.
ఇరవైరెండేళ్ళు పడుతుంది కాబోలు.

గోనె దులిపితే నట్టొకటి రాలింది.
ఎక్కడిదో ఇద్దరికీ తెలీదు.
ఇంజను కేసి చూశాం,
అది నడుస్తూనే ఉంది.
"ఇది నా కూలి" అని జేబులో వేసుకుని
సైకిలెక్కి గట్టెంట పోయాడు,
బాతులు పక్కకి తప్పుకునేదాకా
తనకి వినపడని బెల్లు కొట్టుకుంటూ.